తూకం, ఓపిక: ఇంట్లో సబ్బు చేయాలనుకునే అక్కచెల్లెళ్లకు నాలుగు మాటలు

(సంస్థ మహిళా విభాగం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సబ్బు తయారీ గురించి నాలుగు మాటలు చెప్పమని సంస్థ పెద్దలు అడిగినప్పుడు మొదట వెనుకాడినం. మేము ఆ పనిలో పండితులం కాము. కమాన్‌పూర్‌లో ఒక ఇంటి వాకిట్లో రెండేళ్ల కింద మొదలుపెట్టిన ఐదుగురు ఆడవాళ్లం. మాలో ఒకరు బడిలో సైన్సు చెప్పే టీచరు. ఇద్దరు బట్టలు కుట్టేవాళ్లు. ఒకరి భర్త భూగర్భ గనిలో పని చేస్తడు. ఇంకొకామె భర్తను పోగొట్టుకుని ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తున్నది. మొదటి ఏడాది 11 సార్లు సబ్బు పోస్తే అందులో 4 సార్లు చెడిపోయింది. ఆ నాలుగు సార్లు ఎందుకు చెడిందో మాకు బాగా గుర్తుంది కాబట్టి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు చెప్పడానికి మా దగ్గర ఏదో ఉందని ధైర్యం చేసి వచ్చినం.

మనది బొగ్గు నేల. గోదావరిఖని నుంచి సెంటినరీ కాలనీ దాకా ఏ ఇంట్లోనైనా సబ్బు ఖర్చు ఇతర ఊళ్ల కంటే ఎక్కువే. డ్యూటీ దిగి వచ్చిన మనిషి చెవుల వెనుక, గోళ్ల కింద మసి ఒక్క రుద్దుకు పోదు. దానికి తోడు బోరు నీళ్లు. చాలా ఇళ్లలో సబ్బు రుద్దితే నురగ రాదు, బకెట్ అంచుకు తెల్లటి జిడ్డు పేరుకుంటుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బును పట్టుకుని అట్లా తెట్టెగా మారుస్తయి. నీళ్లు గట్టివైతే సబ్బు ఎక్కువ కరుగుతుంది. కాబట్టి సబ్బు గురించి తెలుసుకోవడం మన ఆడవాళ్లకు సరదా పని మాత్రమే కాదు, ఇంటి లెక్క కూడా.

మన పెద్దవాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు. తలకు కుంకుడుకాయ, ఒంటికి సున్నిపిండి, అంట్లకు బూడిద. చాకలివాళ్లు సౌడు మట్టిలో బట్టలు తడిపి ఉబ్బ పెట్టేవాళ్లు. సౌడులో, బూడిదలో ఉండేది క్షారం. మురికిలోని జిడ్డును అది విడగొడుతుంది. అదే క్షారాన్ని నూనెతో కలిపి గడ్డ కట్టిస్తే సబ్బు. అరబీలో సాబూన్, ఉర్దూలో సాబున్, తెలుగులో సబ్బు. మాట కూడా మన మూడు భాషల్లో చుట్టరికంగానే ఉంది.

బడిలో పిల్లలకు చెప్పినట్టు చెబుతాం. నూనె ఒకటి, కాస్టిక్ సోడా ఒకటి. నీళ్లలో కరిగించిన కాస్టిక్ సోడా నూనెతో కలిస్తే రెండూ తమ రూపం వదిలి కొత్తగా రెండు వస్తువులు పుడతయి. ఒకటి సబ్బు, రెండోది గ్లిజరిన్. సరిగ్గా చేసిన సబ్బులో కాస్టిక్ సోడా మిగలదు. ఇంట్లో చేసిన సబ్బులో గ్లిజరిన్ లోపలే ఉండిపోతుంది. అందుకే స్నానం తర్వాత ఒళ్లు అంతగా గుంజదు. బట్టల సోడా వేరు, కాస్టిక్ సోడా వేరు. బట్టల సోడాతో ఈ పని కాదు. దుకాణంలో అడిగేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

ఇందులో అసలు కిటుకు ఒక్కటే. ఏ నూనెకు ఆ నూనె తనకు కావలసినంత క్షారమే తీసుకుంటుంది. 100 గ్రాముల కొబ్బరినూనెకు సుమారు 18.3 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. అంతే పామాయిల్‌కు సుమారు 14.2, పల్లి నూనెకు 13.6, ఆముదానికి 12.8 గ్రాములు. కొబ్బరినూనె లెక్కతో పల్లి నూనెలో సోడా వేస్తే, వేసిన సోడాలో సుమారు నాలుగో వంతు నూనె దొరకక అట్లనే మిగిలిపోతుంది. అది చర్మాన్ని కాలుస్తుంది. కొబ్బరినూనె ధర చూసి ఎవరైనా నూనె మారిస్తే సోడా లెక్క కూడా మళ్లీ వేయాల్సిందే.

ఇది మాకు పుస్తకం చూస్తే తెలిసింది కాదు. మా మొదటి సబ్బు మాకు నేర్పింది. అప్పుడు మా దగ్గర త్రాసు లేదు. వంటలో చేయి తిరిగినవాళ్లం కదా, ఉప్పు, కారం కంటితో చూసి వేస్తాం కదా అని, టీ గ్లాసుతో కొలిచి పోసినం. నూనె గ్లాసు, సోడా పలుకుల గ్లాసు ఒకే బరువు ఉండవని మాలో సైన్సు టీచరు ఉండి కూడా ఎవరికీ తట్టలేదు. సబ్బు గట్టిగా వచ్చింది, పాలలాగా తెల్లగా ఉంది. మూడో రోజే ముక్కలు కోసి, పండుగ ముందు కదా అని, వాడకట్టులో ఆరు ఇళ్లకు పంచినం. ఎంత సంతోషమో!

మరునాడు పొద్దున్నే మా వీధి చివర ఉండే ఖాలా వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. రెండు చేతులు ముందుకు చాపి, "బిడ్డా, మీ సబ్బు మంచిగనే ఉంది గని, చేతులు మండుతున్నయ్" అన్నది. వేళ్ల సందుల్లో తోలు ఎర్రగా లేచింది. కోపం చేయలేదు. మీరు బాధపడతరని నిన్న చెప్పలేదు అన్నది. ఆ మాట మాకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

ఆ రోజు మాలో మాకు వాదన జరిగింది. ఒకరు, మిగతా ఇళ్లవాళ్లు ఏమీ అనలేదు కదా, ఊరుకుందాం అన్నరు. ఇంకొకరు, పోయి అడిగితే మన పేరు పోతుంది, రేపు ఎవరూ మన సబ్బు ముట్టరు అన్నరు. చివరికి మాలో భర్త లేని ఆ చెల్లె లేచి, "పేరు పోతే మళ్ల సంపాదించుకోవచ్చు, ఒకరి తోలు పోతే మనం తెచ్చియ్యగలమా?" అని చెప్పులు వేసుకున్నది. ఐదుగురం కలిసి ఆరు ఇళ్లూ తిరిగి, తప్పు మాదేనని చెప్పి, ముక్కలన్నీ వాపసు తెచ్చుకున్నం. ఖాలా చేతులకు వారం రోజులు కొబ్బరినూనె రాసింది మేమే. తర్వాత చేసిన పని, చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు కొనడం. ఇవాళ మీకు చెప్పే సలహాలన్నిటిలో మొదటిది అదే. నూనె కంటే ముందు త్రాసు కొనండి. ఒక గ్రాము తేడా చూపించేది. గ్లాసులు, చెంచాలు, దోసిళ్లు ఈ పనికి పనికిరావు. నీళ్లు కూడా తూకమే.

ఇప్పుడు మొదటిసారికి సరిపోయే లెక్క చెబుతాం, రాసుకోండి. కొబ్బరినూనె 300 గ్రాములు, పల్లి నూనె 150 గ్రాములు, ఆముదం 50 గ్రాములు. మొత్తం అర కిలో నూనె. దీనికి కాస్టిక్ సోడా 77 గ్రాములు, నీళ్లు 180 గ్రాములు. లెక్క ప్రకారం ఈ నూనెలు సుమారు 82 గ్రాముల సోడా తీసుకోగలవు. మనం కావాలనే ఐదారు శాతం తగ్గించి వేస్తున్నం. అప్పుడు కొంచెం నూనె సబ్బు కాకుండా మిగిలి చర్మానికి మెత్తదనం ఇస్తుంది, తూకంలో చిన్న పొరపాటు జరిగినా కాపాడుతుంది. కొబ్బరినూనె గట్టిదనం, నురగ ఇస్తుంది. అదే మరీ ఎక్కువైతే ఒళ్లు పొడిబారుతుంది. పల్లి నూనె మెత్తదనం ఇస్తుంది. ఆముదం నురగను నిలబెడుతుంది. ఈ లెక్కకు ఏడెనిమిది ముక్కలు వస్తయి. మొదటిసారి ఇంతకు మించి చేయకండి. చెడిపోయినా అర కిలో నూనెతోనే పోతుంది.

చేసే పద్ధతి ఇట్లా. నీళ్లు స్టీలు గిన్నెలో పోసి, గాలి ఆడే చోట, వాకిట్లోనో దాబా మీదనో పెట్టుకోవాలి. సోడాను కొంచెం కొంచెంగా నీళ్లలో వేస్తూ కలపాలి. ఎప్పుడూ నీళ్లలోనే సోడా వేయాలి. సోడా మీద నీళ్లు పోయకూడదు, పోస్తే ఒక్కసారిగా పొంగి మొహం మీదికి చిమ్ముతుంది. పొయ్యి మీద పెట్టకుండానే ఆ నీళ్లు సలసల కాగినట్టు వేడెక్కుతయి, ఘాటైన ఆవిరి వస్తుంది. మొహం పక్కకు తిప్పుకోండి. గిన్నెను బయటి నుంచి ముట్టుకుంటే గోరువెచ్చగా అనిపించేదాకా చల్లారనివ్వండి. చలికాలంలో కొబ్బరినూనె పేరుకుని ఉంటే కరిగించి, అన్ని నూనెలు కలిపి గోరువెచ్చగా పెట్టుకోండి. అప్పుడు సోడా నీళ్లను సన్నటి ధారగా నూనెలో పోస్తూ కలపాలి.

చేత్తో కలిపితే అరగంట, ఒక్కోసారి గంట. హ్యాండ్ బ్లెండర్ ఉంటే కొద్ది నిమిషాలు. మొదట పలచటి మజ్జిగలాగా ఉంటుంది, తర్వాత దోసెపిండి జారుకు వస్తుంది. గరిటె ఎత్తి పైనుంచి పోస్తే ఆ చార మునిగిపోకుండా పైన కనిపించాలి. అదే గుర్తు. వెంటనే ప్లాస్టిక్ డబ్బాలోనో, లోపల బటర్ పేపర్ వేసిన అట్ట పెట్టెలోనో పోసి కదపకుండా ఉంచాలి. ఒకటి రెండు రోజులకు గట్టిపడితే చేతి తొడుగులు వేసుకుని ముక్కలు కోయాలి.

అల్యూమినియం గిన్నె, అదే మనం సిల్వరు గిన్నె, సత్తు గిన్నె అంటం చూడండి, అది ఈ పనిలో పొరపాటున కూడా వాడొద్దు. సోడా దాన్ని తినేస్తుంది, మంటకు అంటుకునే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. ఈ పనికి వాడిన గిన్నె, గరిటె, బ్లెండర్ మళ్లీ వంటింట్లోకి రాకూడదు. వాటికి ఎర్ర రంగు పూసి వేరే పెట్టుకోండి.

ఇక్కడ ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. ఒకసారి మిగిలిన సోడా నీళ్లను పారబోయడం ఎందుకని కూల్‌డ్రింకు సీసాలో పోసి కిటికీలో పెట్టినం. చూడడానికి మామూలు నీళ్లే. మాలో ఒకామె నాలుగేళ్ల కొడుకు ఆడుకుని వచ్చి దప్పికతో దాన్ని అందుకున్నడు. మూత గట్టిగా బిగించి ఉండబట్టి తిప్పలేకపోయిండు. ఆలోపు నానమ్మ చూసి లాక్కున్నది. ఆ రాత్రి మాలో ఎవరికీ నిద్ర పట్టలేదు. సోడా నీళ్లు ఒక్క గుక్క గొంతులోకి పోతే అన్నవాహిక కాలిపోతుంది, ఆ పిల్లవాడు జీవితాంతం అన్నం మింగలేకపోవచ్చు. అందుకని అప్పటి నుంచి మాకు ఒక కట్టుబాటు. ఏ రోజు సోడా నీళ్లు ఆ రోజే వాడేయాలి. తాగే సీసాలో, తినే డబ్బాలో పోయకూడదు. సోడా పొట్లం గాలి చొరని డబ్బాలో, పేరు రాసి, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. పని జరిగేటప్పుడు పిల్లలు ఇంట్లోనే ఉండకూడదు. పక్కింట్లో వదిలిరండి.

పొడుగు చేతుల రవిక, చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకు హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ప్లాస్టిక్ అద్దాలు తప్పనిసరి. చున్నీ, కొంగు వేలాడకుండా కట్టుకోండి. చర్మం మీద పడితే తడిసిన బట్ట తీసేసి, కనీసం పావుగంట ధారగా నీళ్లు పోయాలి. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూనే ఆస్పత్రికి పోవాలి. ఎవరైనా మింగితే కక్కించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఇంట్లో చిన్నపిల్లలు ఎక్కువగా ఉండి, ఇంత జాగ్రత్త సాధ్యం కాదనుకుంటే సోప్ బేస్ అని తయారుగా దొరుకుతుంది. దాన్ని కరిగించి అచ్చుల్లో పోసుకోవచ్చు, సోడా ముట్టే పని లేదు. అట్లా మొదలుపెట్టడం చిన్నతనం ఏమీ కాదు.

ఇక రెండో సలహా, ఓపిక. కోసిన ముక్కలను ఎండ తగలని, గాలి ఆడే చోట, ఒకదానికొకటి తాకకుండా పేర్చి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వాలి. వారానికోసారి తిప్పాలి. నూనె, సోడా కలవడం చాలా వరకు మొదటి రోజుల్లోనే అయిపోతుంది గాని, ఆ తర్వాత లోపలి నీళ్లు పోయి సబ్బు గట్టిపడడానికి, గుణం మెత్తబడడానికి ఈ రోజులు కావాలి. తొందరపడి వాడితే నానిపోతుంది, తొందరగా కరిగిపోతుంది.

పాలస్తీనాలోని నబ్లుస్ ఊళ్లో ఆలివ్ నూనెతో సబ్బు చేస్తరు. కోసిన ముక్కలను నడుమ గాలి ఆడేట్టు గుండ్రటి గోపురాల్లాగా మనిషి ఎత్తును మించి పేర్చి ఆరబెడతరు. సిరియాలోని హలబ్, అంటే అలెప్పో నగరంలో ఆలివ్ నూనెకు లారెల్ కాయల నూనె కలిపి చేసిన సబ్బును నెలల తరబడి ఆరనిస్తరు. ఈ రెండు ఊళ్ల సబ్బు విద్యనూ 2024లో యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాల్లో చేర్చింది. యుద్ధాలు చూసిన ఊళ్లలో కూడా ఆ పనివాళ్లు సబ్బు ఆరేదాకా ఆగగలిగిండ్రు. మనం ఆరు వారాలు ఆగలేమా?

మన ఎండల సంగతి కూడా చెప్పాలి. రామగుండం ఎండలు మీకు తెలియనివి కాదు. మే నెలలో పోసిన సబ్బును దుప్పటి కప్పి వెచ్చగా ఉంచకండి. లోపలి వేడికి బయటి వేడి తోడై నడిమిట్ల ఉబ్బి పగులుతుంది. మా నాలుగు చెడిన వాటిలో ఒకటి అదే. తెల్లవారుజామున పోసుకోవడం మంచిది. వానకాలం సబ్బు మీద చెమట పట్టినట్టు నీటి బొట్లు కనిపిస్తయి. గ్లిజరిన్ గాలిలోని తేమను లాగుతుంది, భయపడేది లేదు. ఫ్యాను గాలి తగలనివ్వండి.

వాడే ముందు పరీక్ష చేయండి. బడి ప్రయోగశాలల్లో వాడే పిహెచ్ కాగితం తెచ్చుకుని, తడిపిన సబ్బు మీద పెడితే 9, 10 మధ్య చూపించాలి. 11 దాటితే ఒంటికి వాడకండి. ముక్క కోసినప్పుడు తెల్లటి పలుకులు, నీటి గుంటలు కనిపిస్తే కూడా పక్కన పెట్టండి. ఒక చెల్లె, పసుపు నీళ్లు సబ్బు మీద చల్లితే ఎర్రబడింది, నా సబ్బు పాడైందా అని ఏడ్చినంత పని చేసింది. పసుపు ఏ సబ్బు తగిలినా ఎర్రబడుతుంది, కొనుక్కొచ్చిన సబ్బుకు కూడా. అది మంచి చెడ్డ చెప్పదు. మొదటి ముక్క మన చేతుల మీదే రెండు మూడు రోజులు వాడి, తర్వాతే ఇంకొకరికి ఇవ్వాలి.

వాసన కోసం, రంగు కోసం మొదట్లోనే ఆరాటపడకండి. కొన్ని అత్తర్లు, సెంట్లు పోయగానే సబ్బు గిన్నెలోనే గడ్డ కట్టుకుంటుంది. మూడు నాలుగు సార్లు ఉత్త సబ్బు సరిగ్గా చేసినంక వేపాకు పొడి, శనగపిండి చెంచాడు కలిపి చూడండి. వేప కలిపినంత మాత్రాన అది మందు కాదు. గజ్జి తగ్గుతుంది, తామర పోతుంది అని ఎవరికీ చెప్పకండి. ఒకరు మన మాట నమ్మి డాక్టర్ దగ్గరికి పోవడం ఆపితే ఆ పాపం మనది.

అమ్ముకోవచ్చా అని మీలో చాలామంది మనసులో ఉంది. అమ్ముకోవచ్చు గాని, ఒంటి సబ్బు మన చట్టంలో సౌందర్య సాధనాల కింద వస్తుంది. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం అమ్మకానికి తయారు చేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు కావాలి. ఒక్కరికి భారమైతే సంఘంగా కలిసి ఆలోచించుకోవచ్చు. అప్పు తెచ్చి మొదలుపెట్టకండి. ఒక ఏడాది ఇంటికి, చుట్టాలకు చేసుకోండి. ఇంట్లో కొనే సబ్బు తగ్గినా అది సంపాదనే. దుకాణంలో కొనేటప్పుడు పొట్లం మీద టిఎఫ్‌ఎం అంకె చూడడం కూడా నేర్చుకోండి. 76 శాతం, ఆ పైన ఉంటే మొదటి రకం టాయిలెట్ సోప్. 'బేతింగ్ బార్' అని రాసి ఉంటే అందులో సబ్బు పాలు అంతకంటే తక్కువ ఉండవచ్చు.

చిన్నగా మొదలైనవి పెద్దవి కాలేదా అంటే, అయినయి. చెన్నైలో రైల్వే డాక్టరుగా ఉన్న వి.పి. సిద్ధన్ 1969లో తన భార్యతో కలిసి ఇంట్లో చేత్తో పోసిన సబ్బే మెడిమిక్స్. అదే ఏడాది గుజరాత్ ప్రభుత్వ భూగర్భ, గనుల శాఖ ప్రయోగశాలలో పని చేసే కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి పెరట్లో బట్టల పొడి కలిపి, సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి అమ్మిండు. అదే నిర్మా. మనమంతా అంత పెద్దవాళ్లం అవుతామని చెప్పడం లేదు. వాళ్లు కూడా ఒక గిన్నెతోనే మొదలుపెట్టిండ్రని చెబుతున్నం.

మేము వాడేది చెట్టు నూనెలే. కాబట్టి అందులో ఏ కొవ్వు ఉందోనన్న అనుమానం మనకూ లేదు, పక్కింటి అక్కకూ లేదు. వజూకైనా, పూజ ముందు స్నానానికైనా నిశ్చింతగా వాడుకుంటరు. మా వాకిట్లో రెండు మతాలవాళ్లం కలిసే కలుపుతున్నం.

చివరగా ఆ ఖాలా సంగతి. రెండోసారి త్రాసుతో తూచి, ఆరు వారాలు ఆగి, మా చేతుల మీద వాడి చూసినంకే ఒక ముక్క తీసుకుని ఆమె ఇంటికి పోయినం. తీసుకోదేమో అనుకున్నం. వాసన చూసి, పక్కన పెట్టుకుని, "మొన్న మీరు వచ్చి వాపసు అడిగిండ్రు గద, అందుకే దీన్ని నమ్ముతున్న" అన్నది. ఇప్పుడు రెండు నెలలకోసారి ఆమెకు మూడు ముక్కలు పోతయి.

కాబట్టి అక్కలారా, చెల్లెళ్లారా, చెడిపోతుందేమోనని ఆగకండి. మొదటిది చెడిపోవచ్చు. తూచి వేయండి, ఆరేదాకా ఆగండి, తప్పు జరిగితే దాచకండి. ఎవరికైనా చేసి చూడాలనిపిస్తే ఆదివారం పొద్దున మా వాకిట్లోకి రండి. త్రాసు, అద్దాలు మా దగ్గర ఉన్నయి. నూనె మాత్రం మీరు తెచ్చుకోండి.